మైకక్క, కొండమీది గుడ్డపీలికలు

మైకక్కకు రహస్యం చెప్పడం చేతకాదు. మనసు మంచిదే, గొంతే మాట వినదు. పుట్టి కేరుమన్నప్పుడు పక్క వార్డు డాక్టరు పరిగెత్తుకొచ్చాడని వాళ్ళమ్మ చెప్పేదట. బడిలో ఎక్కాలు అప్పజెబితే గోడ అవతలి తరగతి పిల్లలకి కూడా కంఠతా వచ్చేసేవట. అన్నం తింటూ "కూరలో ఉప్పు చాల్లేదమ్మా" అని గొణిగితే ఎదురింటావిడ ఉప్పు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేదట.

నేను మా ఊరి బస్టాండులో కంట్రోలర్‌గా చేశాను. ఏ బస్సు వచ్చింది, ఏది పోయింది, ఏది దారిలో చతికిలబడింది, ఇవి కనిపెట్టుకుని ఉండటం నా పని. వాటిని జనానికి చెప్పడం మైకక్క పని. ఇద్దరికీ కలిపి ఒక అద్దాల గది, ఒక ఫ్యాను, ఒక కుంటి బల్ల. కాబట్టి ఈ కథలో సగం నేను కళ్ళారా చూసింది, మిగతా సగం ఆవిడ నాకు చెప్పింది. నాకు చెబుతుంటే నాలుగు ప్లాట్‌ఫారాలూ విన్నాయి కనుక సాక్షులకు కొదవలేదు.

ఆవిడకు ఆ ఉద్యోగం వచ్చిన తీరే విచిత్రం. అప్పట్లో మా బస్టాండు మైకు చెడిపోయి ఉంది. చెల్లెల్ని బస్సెక్కించడానికి వచ్చిన ఈ అమ్మాయికి, నీళ్ళ పంపు దగ్గర ఒక ముసలాయన చెంబు పట్టుకుని దిక్కులు చూస్తూ కనిపించాడు. ఆయన పెళ్ళాం ఎక్కి కూర్చున్న బస్సు అప్పటికే గేటు దాటుతోంది. "ఆపవయ్యా బస్సు" అని ఈవిడ ఒక్క కేక పెట్టింది. ఆ బస్సు ఆగింది. దాని వెనక ఉన్నదీ ఆగింది. మాకు ఏ సంబంధమూ లేని ఒక సిమెంటు లారీ కూడా రోడ్డు మధ్యలో ఆగి, డ్రైవరు తల బయటపెట్టి ఏం తప్పు చేశానా అని చూశాడు. మేడమీంచి మేనేజరు దిగొచ్చి, "అమ్మాయ్, రేపట్నుంచి వస్తావా?" అన్నాడు. మైకు బాగయ్యేదాకా కొన్ని నెలలు ఆవిడే మైకు. బాగయ్యాక గొంతు తగ్గించుకోవడం నేర్చుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది.

బస్టాండు ఎదురుగా ఒక దర్జీ దుకాణం ఉండేది. దర్జీ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి. అడిగినదానికి "ఊఁ" అనడం, అడగనిదానికి ఊరుకోవడం ఆయన పద్ధతి. ఈ మనిషి ఉన్నట్టుండి రోజూ మా కిటికీ దగ్గరకొచ్చి ఏదో ఒక బస్సు వేళ అడగటం మొదలుపెట్టాడు. ఒక్క బస్సూ ఎక్కిన పాపాన పోలేదు. ఒకనాడు మైకక్కకి చిర్రెత్తి, "అసలు మీరు ఏ ఊరు పోవాలండీ?" అనేసింది. ఆయన సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు. "ఎక్కడికీ కాదండీ. మీరు సెలవు పెట్టిన రోజు నా కుట్టు వంకరపోతోంది" అన్నాడు.

మైకు ఆన్‌లో ఉంది. ఆ పెళ్ళి ఖాయం చేయడానికి పెద్దల్ని కూర్చోబెట్టాల్సిన అవసరం లేకపోయింది, ఊరంతా వినేసింది. దర్జీ వాళ్ళమ్మకి చెవుడు. కోడలు కాపరానికొచ్చిన మొదటిరోజు "అత్తయ్యా, మంచినీళ్ళు కావాలా?" అనగానే ఆ ముసలావిడ ముఖం వెలిగిపోయింది. "ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో నాతో ఒకరు మాట్లాడారు" అందిట.

ఇక కొండ సంగతి.

మా ఊరిని ఆనుకుని ఒక కొండ ఉంది. నా చిన్నప్పుడు అది బోడికొండ. మా తాతల తరం దానిమీది అడవిని పొయ్యిల్లోకీ ఇంటి దూలాలకీ వాడేసుకుంది. వానొస్తే బురద నేరుగా వీధుల్లోకి దిగేది. అప్పుడు అటవీశాఖ వాళ్ళు బళ్ళకొద్దీ ఒకే జాతి మొక్కలు తెచ్చి బడిపిల్లల చేత నాటించారు. ఆ పిల్లల్లో నేనున్నాను, దర్జీ ఉన్నాడు, ఇప్పుడు మా ఊళ్ళో జుట్టు నెరిసినవాళ్ళంతా ఉన్నారు. సెలవిచ్చారన్న సంతోషంతో జానెడు దూరంలో ఒకటి పాతేశాం. అవన్నీ బతికాయి. అదే వచ్చిన చిక్కు. ఒకదాన్నొకటి తోసుకుంటూ వెలుతురు కోసం పైకి సాగి, పుల్లల్లా నిలబడ్డాయి. కింద గడ్డిపరక మొలవదు. ఎండుటాకు మోకాలి లోతు పడి ఉంటుంది. ఒక వేసవిలో అందులో నిప్పు పడితే ఇళ్ళదాకా వచ్చి, మా అదృష్టం బాగుండి గాలి తిరిగింది.

ఆ తర్వాత వచ్చిన కొత్త రేంజరమ్మ, అడవిని పలచన చెయ్యాలని నిర్ణయించింది. ప్రతి మూడు చెట్లకీ ఒకటి తీసెయ్యాలి. చిన్న వయసు, బోలెడు చదువు, కష్టపడే మనిషి. గొంతు మాత్రం చీమ నడిచినట్టు ఉండేది. మున్సిపల్ హాల్లో మీటింగు పెట్టి గంటసేపు వివరించింది. రెండో వరుస దాటి వినపడలేదు. మూడో వరుసకి "కొట్టేస్తాం" అన్న ముక్క ఒక్కటే అందింది. ఆఖరి వరుసకి చేరేసరికి అది "కొండ అమ్మేశారు" అయింది.

మర్నాడు రేంజరమ్మ మేనేజరు దగ్గర అనుమతి తీసుకుని మా గదికొచ్చింది. చేతిలో నాలుగు పేజీల ప్రకటన.

మైకక్క చూసి, "మేడమ్, ఇది చదివేలోపు రెండు బస్సులు పోతాయి" అంది.

"మీకెలా తోస్తే అలా చెప్పండక్కా. విషయం చేరితే చాలు."

మైకక్క గొంతు సవరించుకుంది. "ప్రయాణికులకు గమనిక. కొండమీది చెట్లు మరీ ఒత్తుగా ఉన్నందున అటవీశాఖవారు మూడింట ఒక చెట్టు తీసివేయదలిచారు. దానివల్ల మిగిలినవి బలపడతాయని వారి అభిప్రాయం. సందేహములున్నవారు రేంజాఫీసులో అడగవచ్చును. రెండవ ప్లాట్‌ఫారం మీద బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

రేంజరమ్మ మురిసిపోయింది. "ఎంత బాగా చెప్పారక్కా."

"చెప్పడానికేముంది మేడమ్. నన్నడిగితే సగం తీసేసినా నేనేం ఏడవను. అవేం చెట్లండీ, చీపురుపుల్లలు. పొద్దున్నే అక్కడ నడిచేవాళ్ళకే వాటిమీద అంత ప్రేమ. ఆ లెక్చరరుగారిని చూడండి, నడిచేది తక్కువ, వగర్చేది ఎక్కువ."

మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నేను రెండు చేతులూ ఊపాను. ఆవిడ నావైపు తిరిగి, "ఏంటన్నయ్యా, ఈగలు తోలుకుంటున్నావా?" అంది. అదీ వెళ్ళింది నాలుగు ప్లాట్‌ఫారాలకీ. రిటైరైన లెక్చరరుగారు అప్పుడు మూడో ప్లాట్‌ఫారం మీద నిలబడి పేపరు కొంటున్నారు. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని మా గదివైపు చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

మర్నాడు పొద్దున మా కిటికీ ముందు ఒక చీపురు ఉంది. సాయంత్రానికి చీపురుకట్టల దుకాణం పెట్టొచ్చు. ఎవరు పెట్టిపోతున్నారో తెలియదు, వచ్చేపోయేవాళ్ళు పెట్టిపోతున్నారు. మైకక్క రెండ్రోజులు ముఖం మాడ్చుకుని, మూడోరోజు వాటిని ఊడ్చేవాళ్ళకి పంచిపెట్టింది. మా బస్టాండు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. కూరగాయల కొట్టులో మాత్రం ఆవిడకి పుచ్చు వంకాయలే దొరికేవి.

లెక్చరరుగారు ఊరుకునే మనిషి కాదు. కొండ రక్షణ సమితి పెట్టారు. కూర్చోవడానికి బెంచీలున్నాయని మీటింగులు దర్జీ దుకాణంలో పెట్టారు. "అధ్యక్షులుగా మీరుండాలి, అభ్యంతరమేమైనా ఉందా?" అని దర్జీనే అడిగారు. ఆయన నోట్లో గుండుసూదులున్నాయి. "ఊఁ" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మైకక్క అడిగింది. "ఏవండీ, మీరు అధ్యక్షులటగా?"

"అలాగే అన్నారు."

"మీకు ఇష్టమేనా?"

"బడి యూనిఫారాల ఆర్డరు మీదుంది. ఆలోచించలేదు."

అత్తయ్య కల్పించుకుంది. "ఏంటే? వాడు దేనికి అధ్యక్షుడు?"

"నాకు ఎదురుపార్టీకి, అత్తయ్యా."

"మంచిదేలే, ఇంట్లోనే ఉంటాడు" అని ముసలావిడ చారు పోసుకుంది.

మైకక్క వదల్లేదు. "చెట్లు తీసెయ్యడం మీకు సమ్మతమా కాదా, అది చెప్పండి."

దర్జీ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "తీసెయ్యడం మంచిదే కావచ్చు. నాకు తెలీదు. కానీ వాటిలో నేను నాటినవి ఉన్నాయి. ఎవరూ నన్నడగలేదు" అన్నాడు.

మైకక్క కంచాలు తీసేసిందట. మర్నాడు నాతో ఈ సంగతి చెప్పినప్పుడు గొంతు ఎంత తగ్గించిందంటే, పక్కనే ఉన్న నేను రెండోసారి అడగాల్సొచ్చింది.

సమితివాళ్ళు ఒక ఆదివారం కొండెక్కారు. 'ఈ చెట్టు మాది' అని ప్రతి చెట్టుకీ గుడ్డ కట్టాలని ఏర్పాటు. గుడ్డలెక్కడివంటారా, దర్జీ అటకమీద ఏళ్ళతరబడి పోగుపడ్డ పీలికల మూటలున్నాయి కదా. పిల్లాజెల్లాతో సహా సగం ఊరు కదిలింది. బస్సుల్లో జనం లేక మా డ్రైవర్లు చెట్టుకింద పేకాట మొదలుపెట్టారు. సాయంత్రం మేం గదిలోంచి బయటికొచ్చి చూద్దుం కదా, కొండ మొత్తం రంగులు. ఎరుపు, పసుపు, గళ్ళు, చారలు, పువ్వులు. గాలికి అన్నీ ఒకేసారి రెపరెపలాడుతుంటే, ఊరంత దండెంమీద బట్టలారేసినట్టుంది. మైకక్క నోరు తెరుచుకుని చూసి, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి పావురాలు లేచిపోయాయి.

మేం తిరిగి గదిలోకి రాగానే రేంజరమ్మ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. పైఆఫీసు నుంచి ఫోనొచ్చిందట. గుడ్డలు పీకించి పని మొదలుపెట్టు, అవసరమైతే పోలీసుల్ని తీసుకెళ్ళు అని. ఈ మాట చెబుతున్నంతసేపూ నేను మైకు స్విచ్చి మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను.

"పదండి మేడమ్, ముందు చూసొద్దాం" అంది మైకక్క. డ్యూటీ దిగి నేనూ వెళ్ళాను.

దగ్గరికెళ్తే ఇంకా తమాషాగా ఉంది. మైకక్క ఒక్కో చెట్టు దగ్గరా ఆగి గుడ్డ చేత్తో పట్టుకుని పరిచయాలు చేస్తోంది. "ఇది బ్యాంకు మేనేజరుగారి ప్యాంటు మేడమ్, పొట్ట పెరిగి మళ్ళీ కుట్టించుకున్నారు. ఇది బడి కర్టెను. ఇదేంటి, నా పాత దిండుగలీబు కూడా తెచ్చేశారా ఈయన." ఒక బక్కచెట్టుకి నీలం చారల గుడ్డ ఉంది. మైకక్క దాన్ని పరకాయించి చూసి, "ఇది లెక్చరరుగారి లాగు గుడ్డ" అంది.

ఇదిగో ఇప్పుడు ఏడుస్తుందని నేననుకుంటున్న రేంజరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి ఎండుటాకుల్లో కూలబడింది.

"నేనొచ్చినప్పట్నుంచీ మీ ఊరివాళ్ళని ఒక్కసారి కొండెక్కించి చూపించాలని తిరుగుతున్నానక్కా. ఒక్కరు రాలేదు. ఇవాళ ప్రతి చెట్టు దగ్గరికీ ఎవరో ఒకరొచ్చారు. నా స్టాఫు కూడా ఇన్ని చెట్లు ముట్టుకుని ఉండరు."

"మా ఆయన ఒక మాటన్నారు మేడమ్" అని మైకక్క ఆ మాట చెప్పింది.

రేంజరమ్మ నవ్వాపి గుడ్డలవైపు చూసింది. "నిజమే. నేను చెప్పాను కానీ అడగలేదు. అయితే అడుగుదాం."

"ఏమని?"

"కట్టినవాళ్ళే వచ్చి విప్పమని. ఏది ఉండాలో ఏది పోవాలో వాళ్ళే చూసుకోమని."

"విప్పకపోతే?"

"విప్పని చెట్టు కొట్టను. పైవాళ్ళతో నేను పడతాను."

నాకు భయమేసింది. మైకక్కకి మాత్రం అప్పుడే పూనకం వచ్చినట్టుంది. దిగేదారిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుంటూ దిగింది.

మరుసటి ఆదివారం కొండమీద, చెట్ల మధ్యలోనే మీటింగు. ఎంతమంది వచ్చారంటే, వెనకవాళ్ళు చెట్ల సందుల్లో పక్కకి తిరిగి నిలబడాల్సొచ్చింది. రేంజరమ్మ మైకక్క చెవిలో చెప్పడం, మైకక్క చేతిమైకులో ఊరికి చెప్పడం అని ఒప్పందం. మోకాళ్ళు అరిగిన అత్తయ్యని కుర్చీతో సహా ఇద్దరు మోసుకొచ్చి ముందు వరుసలో దింపారు.

రేంజరమ్మ ఏదో చెప్పింది. మైకక్క మైకెత్తింది. "ముందుగా, చీపురుపుల్లలన్నందుకు నన్ను మన్నించండి. ఇది మేడమ్ చెప్పలేదు, నేనే చెబుతున్నాను."

జనం నవ్వారు. లెక్చరరుగారు నవ్వలేదు. "వగర్పు సంగతి?" అన్నారు.

"దానికీ మన్నించండి. కొండెక్కి చూశాక తెలిసింది, నాకూ అదే వగర్పు."

ఈసారి ఆయన మీసం కొంచెం కదిలింది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మూడింట ఒకటే ఎందుకు, నాలుగింట ఒకటెందుకు కాదు? రేంజరమ్మ చెవిలో చెప్పినదాన్ని మైకక్క తన దారిలో చెప్పింది. "యాభైమంది ఎక్కాల్సిన బస్సులో డెబ్భై అయిదుమంది ఎక్కేశారు. కొంతమంది దిగకపోతే ఎవరికీ ఊపిరాడదు. కానీ ఎందర్ని దింపాలన్నది మేడమ్‌కి కూడా కచ్చితంగా తెలీదట. ఇది ఒక అంచనా అట." రేంజరమ్మ కంగారుగా ఆవిడ చెయ్యి గోకింది. ఆ చివరిమాట పైకి చెప్పమని కాదట. కానీ జనం ఆ మాటకే కొంచెం మెత్తబడ్డట్టు నాకనిపించింది. కలప ఎక్కడికి పోతుందని టీకొట్టాయన అడిగాడు. వేలం మన బస్టాండు ఆవరణలోనే, అందరి ముందూ జరుగుతుందని రేంజరమ్మ అక్కడికక్కడ ఒప్పుకుంది. మేం పిల్లలప్పుడు మొట్టమొదట నాటిన వాగుపక్క చెట్ల జోలికి రావద్దన్నారు. దానికి ఆవిడ చాలాసేపు తల పట్టుకుని, చివరికి సరేనంది.

అప్పుడు లెక్చరరుగారు, "మా అధ్యక్షులవారు మాట్లాడతారు" అన్నారు.

దర్జీ లేచాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో మర్చిపోయినవాళ్ళే ఎక్కువ. చొక్కాకి గుచ్చుకున్న సూదుల్ని ఒకసారి తడుముకున్నాడు.

"పోయిన ఆదివారం నేను గుడ్డ కట్టిన చెట్లలో ఒకటి, ముడి బిగించేసరికి నా చేతిలోకి వాలిపోయింది" అన్నాడు. "దానికి వేళ్ళే లేవు. కింద పడితే బాగోదని పక్కచెట్టుకి ఆనించి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు."

అని నడుచుకుంటూ వెళ్ళి, ఆ చెట్టు గుడ్డ విప్పి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. చెట్టు నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా, పక్కకి జారి ఆకుల్లో పడుకుంది.

ఆస్పత్రి నర్సమ్మ తను కట్టిన చెట్టుని పట్టుకుని ఊపి చూసింది. అది పళ్ళూడిన ముసలివాడి దవడలా కదిలింది. ఆవిడ గుడ్డ విప్పేసింది. పక్కాయన తనది ఊపాడు. ఇక చూసుకోండి. పొద్దుటిదాకా ఒక్క చెట్టు ముట్టుకుంటే ఒప్పుకోమన్న ఊరు, చెట్లవెంట పడింది. "ఇది వంకర, తీసెయ్." "దీనికి పుచ్చుంది, రండి చూపిస్తా." "మీరది తీస్తే మాదానికి ఎండ తగుల్తుందండీ, కాస్త విప్పరూ." లెక్చరరుగారూ పోస్టుమాస్టరూ ఒకే చెట్టుకి చెరోవైపు నిలబడి, ఒకరు ఉండాలనీ ఒకరు పోవాలనీ రాజ్యాంగం దాకా వెళ్ళారు. పిల్లలు విప్పిన గుడ్డలు తలలకి చుట్టుకుని పరిగెడుతున్నారు. బ్యాంకు మేనేజరుగారు తన ప్యాంటు గుడ్డని గుర్తుపట్టి, అది కట్టిన చెట్టు మహా బలంగా ఉందని తెలిసి, దాని పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చూపిస్తున్నాడు. మైకక్క మైకులో జరుగుతున్నది జరుగుతున్నట్టు చెబుతోంది. "ఎడమవైపు మూడో వరుసలో ఇంకొకటి విప్పారు. కుడివైపువాళ్ళు వెనకబడ్డారు." మనుషులు నవ్వీ నవ్వీ చెట్లకి జారబడుతున్నారు. జారబడితే అదొక పరీక్ష.

ఎండుటాకుల వాసనో, మనిషికి మనిషి తగిలే ఇరుకో, అడిగారన్న సంతోషమో, ఏదో తలకెక్కింది అందరికీ. నేనూ విప్పాను. ఎన్ని విప్పానో నాకే తెలియదు.

ముందు కనిపెట్టింది రేంజరమ్మ. పైవైపు ఒక చోట వరసగా అన్ని చెట్లకీ గుడ్డలు పోయాయి. ఇలాగే వదిలేస్తే మళ్ళీ బోడికొండే. మైకక్క చెవిలో చెప్పాలని చూస్తే మైకక్క దూరంగా, జనం మధ్యలో ఉంది. ఆ పిల్ల ఒక రాయెక్కి, రెండు పిడికిళ్ళూ బిగించి, "ఆపండి" అని అరిచింది.

కొండ మొత్తం ఆగిపోయింది. ఆ అరుపు ఆవిడదేనని ఆవిడే నమ్మలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుర్చీలో కూర్చున్న అత్తయ్య అటూ ఇటూ చూసి, "ఎవరే ఆ పిల్ల? నాకు వినపడింది" అంది.

ఆ తర్వాత ఎక్కువ విప్పినచోట మళ్ళీ కట్టారు. ఈసారి అసలు తగువులు అక్కడొచ్చాయి, నాది కట్టండంటే నాది కట్టండని. చీకటి పడకముందే అందరూ గొంతులు బొంగురుపోయి దిగొచ్చారు. పైఆఫీసు వాళ్ళు రేంజరమ్మని పిలిపించి సంజాయిషీ అడిగారు. గుడ్డలు పీకించమన్నారు కాబట్టి పీకించానని చెప్పిందట. అంతకంటే వాళ్ళూ ఏమనలేకపోయారు.

చెట్లు తీసినన్నాళ్ళూ రంపాల చప్పుడు బస్టాండుదాకా వినిపించేది. కొందరు ఆ చప్పుడు వినలేక కిటికీలు మూసుకునేవారు. టీకొట్టాయన చివరిదాకా సమ్మతించలేదు. కొండమీది నుంచి దిగిన ప్రతి లారీకీ లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేవాడు. ఆయన్ని ఎవరూ వేళాకోళం చెయ్యలేదు.

అన్నీ అనుకున్నట్టే జరిగాయని చెప్పను. మొదటి గాలివానకి, ఉంచిన చెట్లే ఒక పక్కన గుట్టగా ఒరిగిపోయాయి. ఇన్నాళ్ళూ ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నిలబడ్డవి కదా. ఊళ్ళో గుసగుసలు బయల్దేరకముందే రేంజరమ్మ మా గదికొచ్చి, మైకు తన ముందుకి లాక్కుంది. "తూర్పువైపు గాలిని మేం తక్కువ అంచనా వేశాం. అది మా పొరపాటు. అక్కడ ఏం నాటాలో అడగడానికి ఆదివారం కొండమీద ఉంటాను" అంది. చీమ నడకే, కానీ మైకులో బాగానే వినిపించింది. లెక్చరరుగారు మూడో ప్లాట్‌ఫారం మీంచి చెయ్యెత్తి, వస్తానన్నట్టు ఊపారు. వానలయ్యాక చెట్ల మధ్య నేల పచ్చబడింది. పేరు తెలియని మొక్కలు కొన్ని వచ్చాయి. వాటి పేర్లమీద కూడా తగువులే.

రెండేళ్ళకి అటవీశాఖ నుంచి కొత్త నిర్ణయం వచ్చింది. వాగులో ఇసుక తియ్యడం పూర్తిగా ఆపెయ్యాలని. మున్సిపల్ హాలు పట్టక కిటికీల బయట కూడా జనం. మాట్లాడాలనుకునేవాళ్ళ వరుసలో మైకక్క నిలబడి ఉంది. రేంజరమ్మ చూసి, "మీరు నా పక్కన ఉండాలి కదక్కా?" అంది.

"లేదు మేడమ్. మా తమ్ముడు ఇల్లు కడుతున్నాడు. ఈసారి నేను మీకు ఎదురు" అంది మైకక్క. ఎంత సంబరంగా అందంటే, వెనక వరుసల్లో కొందరు చప్పట్లు కొట్టారు.

వంతు వచ్చినప్పుడు ఆవిడ మైకు పక్కకి తోసేసి మాట్లాడింది. రేంజరమ్మ జవాబు చెప్పింది, ఆఖరి వరుసదాకా వినపడేలా చెప్పింది. ఆ రోజు ఏదీ తేలలేదు. మీటింగయ్యాక ఇద్దరూ ఒకే సిటీ బస్సెక్కారు. నేనూ ఎక్కాను. ఇసుకా, వాగూ, తమ్ముడి పునాదులూ అంటూ ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ, మధ్యమధ్య నవ్వుకుంటూ, చేతులు తిప్పుతూ ఎంత మునిగిపోయారంటే, మైకక్క స్టాపు వచ్చింది, పోయింది. రేంజరమ్మ స్టాపు వచ్చింది, పోయింది. డ్రైవరు అద్దంలోంచి నావైపు చూశాడు. పోనివ్వమని చెయ్యి ఊపాను.